మొలక ధాన్యం, కొయ్య, కాలం: పీపాలో నిల్వ చేసిన ముదురు బీరు రుచి పరీక్ష మెట్ట ప్రాంతానికి నేర్పే పాఠం

నెల్లూరు జిల్లా పశ్చిమ మండలాలలో పంటకు ధర పలికేది చాలావరకు ఎదుటివారి కంటితో, చేతితో, ముక్కుతోనే. మర్రిపాడు మండలంలోని డి.సి.పల్లి, దానికి తూర్పున ఉన్న కలిగిరి పొగాకు వేలం కేంద్రాలలో ఆకు రంగు, మెత్తదనం, పక్వత చూసి గ్రేడు నిర్ణయిస్తారు. నిమ్మకాయ తోలు నిగనిగను బట్టి, బత్తాయి రసాన్ని బట్టి, సజ్జల వాసనను బట్టి వ్యాపారి ధర కడతాడు. ఏ గుణాన్ని చూసి ధర తగ్గించారో అడిగే మాట రైతు దగ్గర సాధారణంగా ఉండదు. రుచికీ వాసనకూ పేరు పెట్టగలిగినవారే ధరను శాసిస్తారు.

ఇంద్రియాలతో నాణ్యతను కొలిచే విద్య శాస్త్రంగా రూపొందడంలో బీరు పరిశ్రమ పాత్ర పెద్దది. ఆ పరిశ్రమలో రుచి పరీక్షకు మిక్కిలి క్లిష్టమైన నమూనా కొయ్య పీపాలో నెలల తరబడి నిల్వ చేసిన బలమైన ముదురు బీరు. ధాన్యపు గుణం, వేయింపు, పులియడం, కొయ్య, కాలం అనే అయిదు అంశాలూ ఒకే గుక్కలో నాలుకకు తగులుతాయి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో ఈ బీరు తయారు కాదు. తయారు కావాలని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట ఈ ప్రాంతంలోనే ఉన్నదన్న సంగతిని మరచి ఇక్కడ మద్యం గురించి మాట్లాడటం తగదు. అయితే ఆ రుచి పరీక్షలోని పద్ధతిని మాత్రం గ్రహించి రాగి మాల్టుకూ, ఉదయగిరి కొయ్య గరిటెకూ అన్వయించుకోవచ్చు.

బీరు పరిశ్రమ వ్యవసాయ శాస్త్రానికి ఇచ్చినవి

వ్యవసాయ విద్యార్థి ప్రయోగ ఫలితాలను విశ్లేషించేటప్పుడు వాడే 'టి' పరీక్ష ఒక బీరు కర్మాగారం అవసరాల నుండి పుట్టినది. డబ్లిన్‌లోని గిన్నెస్ సంస్థలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన విలియం సీలీ గోసెట్, తక్కువ నమూనాలతో నమ్మదగిన నిర్ణయానికి రావడం ఎలాగన్న ప్రశ్నకు 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో సమాధానం ప్రచురించాడు. బార్లీ రకాల క్షేత్ర ప్రయోగాలు కూడా ఆయన పనిలో భాగమే. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచాడు. నేల పరీక్షలో నిత్యం చూసే పి.హెచ్. కొలమానాన్ని సోరెన్‌సెన్ 1909లో అదే ప్రయోగశాలలో ప్రతిపాదించాడు. 1940ల దశకంలో కార్ల్స్‌బర్గ్‌లోనే రూపుదిద్దుకున్న త్రికోణ పరీక్ష నేడు ఆహార శాస్త్ర విభాగాలన్నింటిలో వాడుకలో ఉన్నది. 1970ల దశకంలో మోర్టెన్ మైల్‌గార్డ్ నాయకత్వంలో బీరు రుచులనూ వాసనలనూ ఒక చక్రంగా వర్గీకరించారు. ఒకే వాసనకు అందరూ ఒకే పేరు వాడాలన్నదే దాని లక్ష్యం.

ముదురు రంగు వెనుక ఉన్న ధాన్యం

బీరుకు మూల ధాన్యం బార్లీ. గింజను నానబెట్టి, సుమారు 42 నుండి 46 శాతం తేమ చేరిన తరువాత చల్లని వాతావరణంలో నాలుగైదు రోజులు మొలకెత్తిస్తారు. ఈ దశలో అమైలేజ్ ఎంజైములు చురుకవుతాయి. మొలకను వేడి గాలితో ఆరబెడితే మాల్టు సిద్ధమవుతుంది. దీనిని గోరువెచ్చని దశ దాటిన వేడి నీటిలో కలిపినప్పుడు ఎంజైములు పిండి పదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఆ తీయని రసాన్ని హాప్స్ పూలతో కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెడతారు.

మాల్టు నాణ్యత పొలంలోనే మొదలవుతుంది. మాల్టు బార్లీలో మాంసకృత్తులు మితంగా, సుమారు 9.5 నుండి 11.5 శాతం మధ్య ఉండాలని పరిశ్రమ కోరుతుంది. నత్రజని ఎరువు మోతాదు మించితే దిగుబడి పెరిగినా మాల్టు ధర దక్కకపోవచ్చు. అంతిమ వినియోగం తెలియకుండా ఎరువుల సిఫారసు చేయరాదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ముదురు బీరుకు రంగునిచ్చేది వేయించిన మాల్టు. 200 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో గింజ కాఫీ గింజవలె నల్లబడుతుంది. చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య జరిగే మెయిలార్డ్ చర్యల వలన కాఫీ, కోకో, మాడిన బెల్లం వంటి పరిమళాలు ఏర్పడతాయి. డేనియల్ వీలర్ 1817లో ఇంగ్లండులో పేటెంటు పొందిన తిరిగే డోలు యంత్రం ఈ వేయింపును అదుపులోకి తెచ్చినది. అంత వేడిలో ఎంజైములు నశిస్తాయి. కనుక మొత్తం ధాన్యంలో నల్ల మాల్టు సాధారణంగా పదో వంతుకు మించదు. మిగిలినదంతా లేత మాల్టే. రంగు, వాసన ఒకదాని నుండి, ఎంజైముల శక్తి మరొకదాని నుండి తీసుకొనే ఈ కలయిక సూత్రం రాగి మాల్టుకు ఎంతో ఉపయోగపడుతుంది.

సాధారణ బీరు రసంలో కరిగిన పదార్థాలు సుమారు 12 శాతం ఉండగా, బలమైన ముదురు బీరులో అవి 20 శాతం దాటుతాయి. ఈస్టు పూర్తిగా వాడుకోలేని చక్కెరలు మిగిలి బీరుకు చిక్కదనాన్ని ఇస్తాయి.

పీపా చేసే పని

తాటికల్లు రుచి ఎరిగిన వారికి కాలం చేసే పని వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున దించిన కల్లు తీయగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, ఆపై సిర్కా దారి పడుతుంది. బలమైన బీరు నెలల తరబడి నిలవడానికి కారణం దానిలోని అధిక ఆల్కహాలు, హాప్స్ చేదు పదార్థాలు, ఆమ్లత, ప్రాణవాయువు కొరత. కల్లును కాలం పాడుచేస్తే ఈ బీరును కాలం మలుస్తుంది, అది కూడా అదుపులో ఉన్నంతవరకే.

పీపాలకు తెల్ల ఓక్ కొయ్యను వాడతారు. దాని నాళాలు సహజంగా పూడుకుపోయి ఉండటం వలన ద్రవం కారదు. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలలోనే నిల్వ చేయాలి. ఒకసారి వాడిన పీపా ఆ పేరున్న విస్కీకి మళ్లీ పనికిరాదు. సుమారు 200 లీటర్లు పట్టే ఆ పీపాలను 1990ల దశకంలో షికాగోలోని గూస్ ఐలండ్ సంస్థ ముదురు బీరుకు వాడటంతో ఈ పద్ధతికి ప్రచారం వచ్చినది. ఒక పరిశ్రమ వదిలిన పాత్ర మరొక పరిశ్రమకు ముడిసరుకు కావడం గమనించదగినది.

కొయ్యలోని మూడు ముఖ్య భాగాలు రుచికి మూడు విధాలుగా తోడ్పడతాయి. కాల్పు వేడికి లిగ్నిన్ విడిపోయి వనిలిన్, పొగ వాసననిచ్చే గ్వాయకోల్ వెలువడతాయి. హెమిసెల్యులోజ్ నుండి మాడిన చక్కెర పరిమళాలు పుడతాయి. టానిన్లు వగరునిస్తాయి. వీటికి తోడు ఓక్ లాక్టోన్లు కొబ్బరిని తలపించే వాసన ఇస్తాయి. కొయ్య సందుల నుండి అతి స్వల్పంగా చేరే గాలి ఘాటును తగ్గిస్తుంది. గాలి మోతాదు మించితే సిర్కా బాక్టీరియా పుంజుకుంటుంది. కొయ్య రంధ్రాలలో దాగే బ్రెటనోమైసిస్ అనే ఈస్టు మరొక సమస్య. దీనిని క్లాసెన్ 1904లో కార్ల్స్‌బర్గ్‌లో గుర్తించి, పాత ఇంగ్లీషు బీర్ల ప్రత్యేక వాసనకు ఇదే మూలమని తెలిపాడు. ఒక తయారీదారుకు దోషమైనది మరొకరికి గుణం కావడం రుచి శాస్త్రంలో తరచు కనిపిస్తుంది.

రుచి చూచే క్రమం

శిక్షణ పొందిన పరీక్షకుడు ఈ బీరును బాగా చల్లబరచి తీసుకోడు. మంచు చల్లదనంలో పరిమళాలు పైకి లేవవు. 10 నుండి 14 డిగ్రీల సెల్సియస్ అనువైనది. నోరు ఇరుకుగా ఉన్న గాజు పాత్రలో 50 మిల్లీలీటర్లు చాలు. పరీక్ష అయిదు దశలలో సాగుతుంది.

1. చూపు: రంగు, అంచున కనిపించే ఎరుపు ఛాయ, నురుగు రంగు, అది నిలిచే తీరు గమనించాలి. ఆల్కహాలు ఎక్కువైన బీరులో నురుగు త్వరగా తగ్గడం దోషం కాదు.

2. వాసన: చిన్న చిన్న శ్వాసలతో మొదట తోచిన మాటను వెంటనే రాసుకోవాలి. ఒకే వాసనను కొన్ని క్షణాలు పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడి గుర్తించలేకపోతుంది.

3. నోటిలో: చిన్న గుక్క తీసుకొని నాలుక అంతటా తగలనివ్వాలి. తీపి ముందు, చేదు ఆలస్యంగా తెలియడం సహజం. చేదు ఒక రుచి. వగరు నోరు బిగుసుకున్నట్లు అనిపించే స్పర్శ. నేరేడు పండు తిన్నవారికి ఈ భేదం తెలుసు.

4. నోటి నుండి ముక్కుకు: మింగిన వెంటనే ముక్కు ద్వారా శ్వాస వదలాలి. కాఫీ, వనిల్లా, కొబ్బరి వంటివని మనం రుచులుగా భావించేవి నిజానికి ఈ మార్గంలో అందే వాసనలే. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉండటానికి కారణం ఇదే.

5. మిగిలే రుచి: ఏది ఎంతసేపు నిలిచినదో, చివరకు శుభ్రంగా ముగిసినదో లేదో రాయాలి.

మెచ్చుకోవడం కంటె దోషాన్ని పేరుతో చెప్పగలగడమే పరీక్షకునికి అసలు పరీక్ష. వెన్న వాసన డయాసిటైల్‌ను, పచ్చి ఆపిల్ వాసన అసిటాల్డిహైడ్‌ను, ఉడికిన మొక్కజొన్న వాసన డైమిథైల్ సల్ఫైడ్‌ను, తడిసిన అట్ట వాసన గాలి సోకి పాతబడటాన్ని, సిర్కా ఘాటు అసిటిక్ ఆమ్లాన్ని సూచిస్తాయి. ప్రతి పేరు వెనుక ఒక కారణం, ప్రతి కారణానికి తయారీలో ఒక దశ ఉన్నవి. 'బాగాలేదు' అన్న మాట తయారీదారుకు ఏమీ చెప్పదు. 'తడిసిన అట్ట వాసన' అన్న మాట ఎక్కడ సరిచేసుకోవాలో చూపిస్తుంది.

మత్తు లెక్క, దూబగుంట మాట

ఈ పానీయం ఎంత ప్రత్యేకమైనదైనా దాని ఆల్కహాలు లెక్కను పక్కన పెట్టరాదు. 12 శాతం బలమున్న బీరు 50 మిల్లీలీటర్లలో సుమారు 4.7 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అదే 650 మిల్లీలీటర్ల సీసా అయితే 61 గ్రాములు దాటుతుంది. 5 శాతం బీరు సీసాలో ఉండేది సుమారు 26 గ్రాములు. భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం 'బలమైన బీరు' అన్న మాట 8 శాతం వరకే వర్తిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చినది. ఎంత తక్కువైనా హాని లేని మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసినది.

ఈ లెక్కలు ప్రయోగశాలకు రాకముందే కలిగిరి మండలం దూబగుంట మహిళలకు తమ ఇళ్లలో తెలుసు. అక్షరాస్యతా కేంద్రాలలో చదువు నేర్చుకుంటూ, తమ బతుకును గురించి చర్చించుకుంటూ వారు 1990ల ఆరంభంలో సారా దుకాణాన్ని ఊరి నుండి తరిమారు. దూబగుంట రోశమ్మ పేరు ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచినది. అది జిల్లా అంతటా, ఆపై రాష్ట్రమంతటా వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం అమలయినది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి 1997లో సడలినది. కూలి డబ్బు ఇంటికి చేరకపోవడమే వారిని రోడ్డెక్కించినది.

కనుక ఈ ప్రాంతంలో ధాన్యానికి విలువ జోడించడం గురించి మాట్లాడే విస్తరణ శాస్త్రవేత్త ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. జోడించిన విలువ ఎవరి చేతికి వస్తుంది, దాని మూల్యం ఎవరు చెల్లిస్తారు? రాగి మాల్టు విషయంలో ఈ రెండు ప్రశ్నలకూ స్వయం సహాయక సంఘాల మహిళలకు అనుకూలమైన సమాధానం ఉన్నది. పైగా మొలకెత్తించడం, వేయించడం, రుచి చూడటం అనే మూడు పనులకూ మత్తుతో సంబంధం లేదు.

ఉదయగిరి గరిటె: మాట్లాడని కొయ్య

ఉదయగిరి దుర్గం కొండలలోని కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే చేతిపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. నర్ది, బిక్కి వంటి స్థానిక కొయ్యలు దీనికి ఆధారం. ఇక్కడ ఒక ఆసక్తికరమైన వైరుధ్యం ఉన్నది. పీపా కొయ్య తన రుచిని ద్రవానికి ఇవ్వాలి; గరిటె కొయ్య తన రుచిని కూరకు ఇవ్వకూడదు. ఒకటి మాట్లాడే కొయ్య, మరొకటి మౌనంగా ఉండవలసిన కొయ్య.

ఓక్ బదులు ఏదో ఒక స్థానిక కొయ్యను పానీయాల నిల్వకు వాడవచ్చునని తొందరపడి చెప్పరాదు. ప్రతి జాతి కొయ్యలోనూ వేర్వేరు రసాయనాలుంటాయి. వాటిలో కొన్ని హానికరం కావచ్చు. అయితే గరిటె రుచి మార్చదన్న గుణాన్ని మాటతో గాక పరీక్షతో నిరూపించవచ్చు. వేడి నీటిలో గరిటె ఉంచిన నమూనాను, ఉంచని నమూనాను త్రికోణ పరీక్షకు పెట్టవచ్చు. తేడా తెలియకపోతే కళాకారుల వాదనకు ఆ ఫలితం బలమిస్తుంది. తేడా తెలిస్తే కొయ్య ఆరుదలలోనో, నునుపు చేయడంలోనో మార్పు అవసరమని తేలుతుంది. ఏ విధంగా చూసినా నష్టం లేదు.

రాగి మాల్టుకు అన్వయం

బార్లీ నెల్లూరు మెట్టకు తగిన పంట కాదు. దేశంలో అది ప్రధానంగా రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వంటి ఉత్తరాది రాష్ట్రాల రబీ పంట. చిరుధాన్యాలలో మాల్టుకు తగిన గుణం రాగికి ఉన్నది. మొలకెత్తిన రాగిలో అమైలేజ్ చురుకుదనం బాగా పెరుగుతుంది. 100 గ్రాముల రాగిలో సుమారు 340 నుండి 360 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తుంది. మాల్టు పిండితో కాచిన జావ పలుచబడుతుంది కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టి, బిడ్డకు ఎక్కువ శక్తి అందుతుంది.

తయారీలో ఈ అంశాలు పాటించాలి:

• రాళ్లు, బూజు పట్టిన గింజలు ఏరి, కడిగి, 12 నుండి 16 గంటలు నానబెట్టాలి. మధ్యలో నీరు మార్చాలి.

• తడి గుడ్డలో 24 నుండి 48 గంటలు మొలకెత్తించాలి. ఈశాన్య రుతుపవనాల నెలలైన అక్టోబరు నుండి డిసెంబరు వరకు తేమ వలన బూజు ప్రమాదం ఎక్కువ. బూజు వాసన వచ్చిన మొలకను వేయించి వాడుకోవచ్చునని అనుకోరాదు. వేయింపు వాసనను కప్పుతుంది గాని శిలీంధ్ర విషాన్ని పోగొట్టదు.

• బాగా ఆరబెట్టి, నలిపి వేర్లు తొలగించాలి. నిల్వకు తేమ 12 శాతం లోపు ఉండాలి.

• ముదురు బీరు నేర్పిన కలయిక సూత్రం ప్రకారం మొలకలో పదో వంతును మాత్రమే ముదురుగా వేయించి, మిగిలినదానిని తక్కువ వేడిపై ఆరబెట్టి కలపాలి. మొత్తం వేయిస్తే పరిమళం వస్తుంది కాని ఎంజైములు నశించి జావ మళ్లీ చిక్కబడుతుంది. మితిమీరిన వేయింపులో ఆక్రిలమైడ్ ఏర్పడుతుంది. పసిపిల్లల ఆహారానికి ముదురు వేయింపు భాగం కలపకపోవడమే మేలు.

ఈ కలయిక నిజంగా తేడా తెచ్చినదా అన్నది తెలుసుకోవడానికి త్రికోణ పరీక్ష గ్రామంలోనే చేయవచ్చు. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు ఇవ్వాలి. రెండింటిలో ఒకే జావ, మూడవదానిలో వేరే జావ. ఏది వేరో చెప్పమని అడగాలి. గ్లాసులపై మూడంకెల సంకేతాలు మాత్రమే ఉండాలి. గ్లాసులు అమర్చడానికి ఆరు క్రమాలు సాధ్యం. 12 మంది పాల్గొంటే ఒక్కో క్రమం ఇద్దరికి వస్తుంది. జావల వేడి, చిక్కదనం, ఉప్పు, బెల్లం సమానంగా ఉంచాలి. రంగులో తేడా కనిపిస్తే మూతపెట్టిన గ్లాసులు వాడాలి. పరీక్షకు గంట ముందు నుండి వక్క, పొగాకు, కాఫీ తీసుకోరాదు. నమూనాల మధ్య మంచినీటితో నోరు పుక్కిలించాలి.

ఊహతో చెప్పినా మూడింట ఒకరి జవాబు సరిపోతుంది. కనుక 12 మందిలో నలుగురు సరిగా చెప్పినంత మాత్రాన తేడా ఉన్నట్లు కాదు. కనీసం ఎనిమిది మంది సరిగా చెబితేనే 5 శాతం స్థాయిలో తేడా రుజువైనట్లు భావించాలి. 24 మంది అయితే కనీసం 13 మంది సరిగా చెప్పాలి. ఈ పరీక్ష తేడాను మాత్రమే చెబుతుంది, ఇష్టాన్ని చెప్పదు. ఇష్టం తెలుసుకోవడానికి తేడా రుజువైన తరువాత తొమ్మిది అంకెల ఇష్ట కొలమానంతో వేరే పరీక్ష జరపాలి.

చివరగా, పరీక్షలో పాల్గొన్నవారి మాటలను వారి నోటి మాటలుగానే నమోదు చేయాలి. మాడు వాసన, పచ్చి వాసన, కమ్మదనం, ముక్కిన వాసన, కండ్రు, వగరు వంటి పదాలు మన వంటింట్లో ఇప్పటికే ఉన్నవి. ఒక్కొక్క పదానికి ఒక నమూనాను జతచేసి, అందరూ ఒకే అర్థంలో వాడేలా శిక్షణ ఇస్తే అదే మన రుచుల చక్రం. సజ్జ పిండి నిల్వలో చేదెక్కడం, రాగి మాల్టు బూజు వాసన పట్టడం వంటి దోషాలను అమ్మకానికి ముందే సంఘం గుర్తించగలుగుతుంది. సరుకు తిరిగి వచ్చి నష్టపోయే అవసరం తగ్గుతుంది.

ముగింపు

పీపాలోని బీరుకు దాని తయారీదారులు కట్టే ధరలో పెద్ద భాగం ధాన్యానిది కాదు. మొలక, వేయింపు, కొయ్య, కాలం, వాటన్నింటినీ వివరించగల మాటలు కలిసి ఆ ధర తెస్తాయి. మెట్ట రైతు గింజ దగ్గర ఆగిపోతే మిగిలిన మెట్లన్నీ ఇతరులవే అవుతాయి. విస్తరణ కార్యకర్త ఒక సంఘానికి మూడు గ్లాసులు, పన్నెండు మంది, ఒక నమోదు పత్రంతో ఈ విద్యను నేర్పగలడు. పానీయాన్ని దూరంగా ఉంచి, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని మాత్రం ఊరికి తీసుకొనిపోవడం సాధ్యమే. సారాను కాదన్న మహిళల ఊళ్లలోనే, తమ ధాన్యం రుచిని తామే కొలిచి ధర అడగగల మహిళా సంఘాలు రూపొందితే, ఆ ఉద్యమం కోరిన ఇంటి సంపాదనకు అది తోడవుతుంది.